నాలుగో అంతస్తు

టెక్కలిలో రిటైరైన లెక్కల మాస్టారు రమణమూర్తి ఆ రోజు డీఎస్పీ ఆఫీసు తలుపులు తీయకముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఏం పని అని ఎవరడిగినా చెప్పలేదు. డీఎస్పీ దుర్గాదేవి జీపు దిగగానే లేచి, జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నిన్న సాయంత్రం నన్ను ఫోన్లో అరెస్టు చేశారమ్మా. ఇది వినండి."

మాస్టారికి వచ్చే ప్రతి కాల్ దానంతటదే రికార్డవుతుంది. అవతలి గొంతు గంభీరంగా, పోలీసు ధోరణిలో ఉంది. మీ ఆధార్ నంబరుతో మత్తుమందుల పార్సిల్ దొరికింది, గదిలోంచి కదలకూడదు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడకూడదు అంటోంది. భయంలో మాస్టారికి ఊరి మాట వచ్చేసింది.

"నాకేటీ తెల్దు బాబూ. నాను లెక్కల మాస్టార్ని, టెక్కలి దాటి ఎక్కడికీ ఎల్లనేదు."

ఆ మాటకి అవతలి గొంతు ఆగిపోయింది. తర్వాత అదే గొంతు, చాలా తగ్గి, చాలా వేగంగా అంది.

"మాస్టారూ, ఫోను పెట్టీండి. ఆళ్ళకేటీ ఇవ్వకండి. నాను వజ్రపుకొత్తూరు జెరాక్సు శ్రీనివాసుని. కంబోడియాలో పదిహేనుమందిమి ఉన్నాం, బయటికి ఎల్లనివ్వరు. మా దమయంతికి సెప్పండి..."

ఏదో బలంగా పడిన చప్పుడు. లైను తెగిపోయింది.

దుర్గాదేవి ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటి ఫిర్యాదు వినలేదు. మోసం చేయడానికి ఫోన్ చేసినవాడే కాపాడమని అడుగుతున్నాడు.

దమయంతి పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. కబురు పంపితే పనిలోంచి అలాగే వచ్చింది. జీడినూనెకి వేళ్ళ కొసలు నల్లబడి తోలు లేచిపోయి ఉన్నాయి. రికార్డింగు విని ఏడవలేదు. ఇంకోసారి పెట్టమంది.

"మా ఆయనేనండి. ఆ సివర్న సప్పుడేటండి?"

"తెలీదమ్మా. ఆయన్ని అక్కడికి ఎవరు పంపారు?"

"మా తమ్ముడు అజయ్. ఆడు ముందెల్లాడండి. డేటా ఎంట్రీ పని, ఏసీ గది అని బావకి సెప్పాడు. రెండు నెల్ల కిందట ఆడు తిరిగొచ్చీసాడు. బావ బాగున్నాడప్పా, బిజీగుంటాడు అంటాడండి అడిగినప్పుడల్లా."

అజయ్‌ని ఆ మధ్యాహ్నమే తీసుకొచ్చారు. ఇరవై ఆరేళ్ళుంటాయి, చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. మొదట అంతా బాగుందనే అన్నాడు. దుర్గాదేవి మాట్లాడకుండా రికార్డింగు పెట్టింది. చివరి చప్పుడు దగ్గర అజయ్ రెండు చెవులూ మూసుకున్నాడు. చొక్కా చేతులు పైకి జారాయి. మోచేతుల దాకా కాల్చిన మచ్చలు.

"ఇద్దర్ని తెస్తే ఒకణ్ణి ఒదుల్తామన్నారు మేడమ్," అన్నాడు. "రోజూ కరెంటు పెట్టీవోరు. సచ్చిపోతాననుకున్నాను. బావని, ఒడిశావోడు ఒకణ్ణి..."

"నీ అక్కకి తెలుసా?"

అజయ్ తల అడ్డంగా ఊపాడు.

ఆ సాయంత్రమే కేసు కట్టారు. కాగితాలు జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఢిల్లీలో ఇంటర్‌పోల్ వ్యవహారాలు చూసే విభాగానికి, అక్కణ్ణుంచి కంబోడియాకి వెళ్ళాయి. రెండుసార్లు వెనక్కి వచ్చాయి. చిరునామా లేదు. సరిహద్దు పట్టణం అంటే చాలదు. దుర్గాదేవి ఎస్పీ దగ్గర కూర్చుని, అవతలి అధికారితో నేరుగా మాట్లాడే ఏర్పాటు చేయించమంది. ఇంకో పదిరోజులు పత్రికలవాళ్ళకి ఈ సంగతి పొక్కనివ్వొద్దని కూడా అడిగింది. ఆయన రెంటికీ ఒప్పుకున్నాడు.

వీడియోలో కనిపించిన కంబోడియా పోలీసు కర్నల్ సోఫాల్ జుట్టు నెరిసిన మనిషి. మన రాయబార కార్యాలయం అమ్మాయి ఆయన మాటల్ని ఇంగ్లీషులోకి మారుస్తోంది.

"ఆ ఊళ్ళో ఇలాంటి భవనాలు నలభై ఉన్నాయి. ఒకదాని తలుపు కొడితే అరగంటలో మిగతావన్నీ ఖాళీ అవుతాయి. నాకు ఒకే భవనం, ఒకే అంతస్తు కావాలి. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు," అంది దుర్గాదేవి.

మూడు రోజులు ఆయన ఫొటోలు పంపాడు, అజయ్ చూశాడు. స్నానాలగది కిటికీలోంచి ఒక కాసినో గోపురం, దాని వెనక సగం కట్టి వదిలేసిన వంతెన కనపడేవని చెప్పాడు. నాలుగో రోజు ఒక ఫొటో మీద వేలుపెట్టి, ఆ వేలు తీయలేకపోయాడు. నాలుగో అంతస్తు.

మిగిలింది అజయ్ ఫోన్ సంగతి. కంబోడియాలోని మేనేజర్ రోజూ అతనికి వీడియో కాల్ చేస్తున్నాడు. ఇంకా మనుషుల్ని పంపమని అడుగుతున్నాడు. ఫోన్ మూగబోతే అనుమానిస్తాడు.

"ఆణ్ణి రిమాండుకి పంపీండి మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఎల్లాజీ. "ఫోను ఆడి సేతిలో ఉంచకండి. బయపడ్డోడు ఎప్పుడేటి సేత్తాడో ఆడికే తెల్దు."

దుర్గాదేవి ఆలోచించింది. పదిహేనుమంది ప్రాణాలు ఆ ఒక్క నంబరు మామూలుగా మోగడం మీద ఉన్నాయి. అజయ్‌ని అరెస్టు చేయకుండా అతని గదిలోనే ఉంచి, ఫోన్ అతనికే ఇచ్చి, మేనేజర్ కాల్ తప్ప దేనికీ వాడొద్దని హెచ్చరించి, ఎల్లాజీని కాపలా పెట్టింది. దాడి ఎప్పుడో అతనికి చెప్పలేదు. కానీ మంగళవారం కర్నల్ ఆఖరుగా వెనక మెట్ల గురించి, కాపలావాళ్ళు మారే వేళ గురించి అడిగించాడు. అజయ్‌కి అర్థమైపోయింది.

బుధవారం ఉదయం పదకొండుకి కర్నల్ ఫోన్ చేశాడు. గొంతులోనే తెలిసింది.

గేటు తెరిచే ఉంది. కంప్యూటర్లు లేవు, మేనేజర్లు లేరు. పద్నాలుగు మంది భారతీయులు బయట గొళ్ళెం వేసిన వంటగదిలో దొరికారు. పదిహేనో మనిషి, శ్రీనివాస్, వెనక పెరట్లో, నాలుగో అంతస్తు కిటికీ కింద ఉన్నాడు. ప్రాణం పోయి మూడు నాలుగు గంటలైంది. దూకాడో తోశారో ఇంకా చెప్పలేమన్నాడు.

"వాళ్ళకి ముందే తెలుసు," అన్నాడు కర్నల్. "మా వైపు నుంచి కాదని నమ్ముతున్నాను. మీరూ చూడండి."

దుర్గాదేవి అజయ్ ఫోన్ చూసింది. మంగళవారం సాయంత్రం అజయ్ స్నానానికి వెళ్ళి పంపిన మెసేజి ఒకటి ఉంది. శ్రీనివాస్ కాల్స్ చేసే నంబరుకి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. రేపు పోలీసులొత్తారు బావా, గొడవైతే కిటికీ పక్కన దాక్కో. ఆ నంబర్లకొచ్చే తెలుగంతా చదవడానికి వాళ్ళు అక్కడొక తెలుగువాణ్ణి పెట్టుకున్నారు.

"దెబ్బలాటలో బావని కొట్టేత్తారని బయమేసింది మేడమ్," అన్నాడు అజయ్. "బావకి ఒక్కడికే సెప్పాలనుకున్నాను."

పద్నాలుగు మంది విశాఖపట్నంలో విమానం దిగిన రోజు పెద్ద ప్రెస్ మీట్ జరిగింది. రెండు దేశాల పోలీసులు కలిసి సాధించిన విజయం అన్నారు. దుర్గాదేవి పేరు కూడా చదివారు. ఆమె అక్కడ లేదు. ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాస్తోంది. ఫోన్ నిందితుడి దగ్గర ఉంచాలన్న నిర్ణయం నాది, హెడ్ కానిస్టేబుల్ ఎల్లాజీ వద్దని చెప్పాడు అని రాసింది.

ఎల్లాజీ అది చదివి ఇబ్బందిపడ్డాడు. "నా పేరెందుకండి? స్నానాల గదిలోకి ఆణ్ణి ఫోనుతో ఎల్లనిచ్చింది నానే కదా."

"అదీ రాస్తాను. కానీ ఇచ్చింది నేను."

శ్రీనివాస్ శవం పన్నెండు రోజులకి వచ్చింది. దహనమయ్యాక దుర్గాదేవి యూనిఫాం లేకుండా వజ్రపుకొత్తూరు వెళ్ళింది. దమయంతి వాకిట్లో కొబ్బరి మట్టల మీద కూర్చుని ఉంది. లోపల షాపులోంచి తెచ్చిన జెరాక్సు మెషీను మీద దుప్పటి కప్పి ఉంది. దుర్గాదేవి ఎదురుగా కూర్చుని, అజయ్ ఎలా బయటపడ్డాడో, మెసేజి ఎలా వెళ్ళిందో ఏదీ దాచకుండా చెప్పింది.

దమయంతి మట్టల మీద కొంచెం ముందుకి జరిగింది.

"ఫోను మీరే ఇచ్చీసారా?"

"నేనే."

"మా తమ్ముడొత్తే గుమ్మం తొక్కనివ్వను. అది నాకు తెలుసు. మిమ్మల్ని ఏటనాలో నాకు తెల్డం నేదండి." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన ఆ మాస్టారిని ఒదిలీకుండా ఉంటే బతికీవోడు, కదండీ?"

దుర్గాదేవి లేచి, లోపల్నుంచి నీళ్ళచెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

మర్నాడు దమయంతి తనంతట తనే వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. నిందితుడు నీకేమవుతాడని రాసుకుంటున్న స్టేషన్ రైటరు అడిగితే తమ్ముడు అంది. ఆ మాట తప్ప మిగతాదంతా గొంతు తడబడకుండా చెప్పి సంతకం పెట్టింది. లేవబోతూ దుర్గాదేవిని అడిగింది.

"అక్కడ ఇంకా మనోలున్నారాండి?"

"ఇంకో భవనంలో ఉన్నవాళ్ళ పేర్లు కర్నల్ పంపాడు. సుమ్మాదేవి ఊరి మనిషి ఒకడున్నాడు. పేరు బంగారయ్య."

"ఇంటోళ్ళకి తెల్సా?"

"ఇంకా చెప్పలేదు."

"సెప్పండి. ఫోన్లో కాదు. ఎల్లి సెప్పండి."

ఆమె వెళ్ళాక దుర్గాదేవి ఎల్లాజీని జీపు తీయమంది. సుమ్మాదేవి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బంగారయ్య ఇంటి ముందు ఒకావిడ వడ్లు ఎండబోస్తోంది. జీపు చూసి, చేతిలో చేట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.