ఐదు పోస్తే ఆరున్నర

ఐదు లీటర్లు పోసిన ఇంజన్‌లోంచి ఆరున్నర లీటర్ల ఆయిల్ దిగింది. చెవి మేస్త్రి కొలత డబ్బాను వెలుతురులోకి తెచ్చి రెండోసారి చూశాడు.

"ఇది కారా, ఊట బావా అమ్మా? తాగుతోందని తెచ్చారు, ఇదేమో ఈనుతోంది!"

షెడ్డులో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గోడవారన బల్ల మీద కూర్చున్న మా ఆయన కూడా నవ్వలేదు.

చెవి మేస్త్రి అన్న పేరు ఆయనకు షెడ్డులోవాళ్లే పెట్టారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. విన్నంతసేపూ మాట్లాడనివ్వడు. అలాంటి మనిషే తల గోక్కుంటుంటే ఇక నాకెక్కడి ధైర్యం?

మాది పంతొమ్మిదేళ్ల డీజిల్ టర్బో కారు. నేను బడిపిల్లల యూనిఫాంలు కుట్టి, వెనక సీటు నిండా మూటలు వేసుకుని దుకాణాలకు చేరుస్తాను. కానీ నా భయం మూటల గురించి కాదు. ఆరు నెలల కిందట మా ఆయన గుండె బలహీనపడింది. ఒంట్లో నీరు చేరుతుంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాయాలి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆలస్యం చేయకుండా తీసుకురావాలి అని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రి కొండకు అవతల ఉంది. అంబులెన్స్ మా ఇంటికి రావడానికే గంట పడుతుంది. కాబట్టి ఆయన ప్రాణమూ, ఈ ముసలి కారూ ఒకే తాడుకు కట్టి ఉన్నట్టే లెక్క.

అలాంటిది నెల కిందట కొండ ఎక్కుతుంటే అద్దంలో, ఆయిల్ కాలితే వచ్చే నీలం పొగ కనిపించింది. మర్నాడే ఇక్కడికి తెచ్చాను. మేస్త్రి నాలుగు సిలిండర్లకూ గేజీ పెట్టి ఒత్తిడి చూశాడు, నాలుగింటి అంకెలూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఇంజన్‌కు గాలి పట్టించే టర్బో గొట్టం ఊడదీసి లోపలి ఇరుసును వేలితో కదిపాడు.

"ఇరుసు వదులు పెద్దగా లేదు. గొట్టంలో మాత్రం ఆయిల్ ఉంది. ఎంత తాగుతోందో తెలిస్తే తప్ప ఇంజన్ విప్పాలో అక్కర్లేదో చెప్పలేను," అన్నాడు.

విప్పితే మూడు వారాలు కారు ఉండదు. మూడు వారాలు!

పాత ఆయిల్ తీసేసి, కొలిచి ఐదు లీటర్లు పోశాడు. "వెయ్యి కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. రోజూ పొద్దున బండి చల్లగా, నేల సమంగా ఉన్నచోట ఆయిల్ కడ్డీ తీసి మట్టం చూడండి, రాయండి. కింది గీత దాటితే నాకు ఫోన్ చేయండి. మీ అంతట మీరు చుక్క కూడా పోయొద్దు," అని మరీ మరీ చెప్పాడు.

వంటింట్లో మేకుకు ఆయన బరువు పుస్తకం వేలాడుతుంటుంది. దాని పక్కనే కారు పుస్తకం తగిలించాను. రోజూ రాశాను. అన్ని రోజులూ ఒకటే మాట, 'సరే'.

ఇప్పుడు మేస్త్రి ఆ పుస్తకాన్నే తిరగేస్తున్నాడు. ఆయిల్‌లో వేలు ముంచి వాసన చూశాడు. "డీజిల్ గానీ లోపలికి కారుతోందేమో. వాసనైతే లేదు. అదే అయితే ప్రమాదమమ్మా, ఇంజన్ దాని ఆయిల్ అదే తాగేసి, తాళం తిప్పినా ఆగదు. విప్పాల్సిందే."

ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాను.

"నేను పోశాను మేస్త్రీ."

"ఎంత?"

"నాలుగుసార్లు. పావు లీటరు చొప్పున."

"పోయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదమ్మా!"

చెప్పాడు. కానీ పొద్దున్నే తక్కువ కనిపిస్తే రోజంతా ఎలా బతకను? అందుకే సాయంత్రం ఇల్లు చేరి బండి ఆపగానే, వాలుగా ఉన్న మా వాకిట్లోనే చూసేదాన్ని. వేడి మీద ఆయిల్ ఇంకా పైనే ఉంటుందట, కిందికి దిగదట. నాకేం తెలుసు? కడ్డీ మీద తడి ఎందాకా ఉందో కూడా సరిగా తెలిసేది కాదు. పోసేదాన్ని, పుస్తకంలో 'సరే' అని రాసేదాన్ని. నిజానికి పొగ రాకముందు నుంచే పోస్తున్నాను, అదీ చెప్పేశాను.

మేస్త్రి వేళ్లు మడిచాడు. "ఐదు, మీదొకటి, ఆరు. వచ్చింది ఆరున్నర. తాగకపోగా మరో అర లీటరు ఎక్కడిది?" ముఖం ఇంకా ముడిచే ఉంది. "డీజిలే అయ్యుంటుంది. విప్పుతాను."

"వద్దు," అన్నాడు మా ఆయన బల్ల మీది నుంచి. "నేనూ ఒక లీటరు పోశాను."

నేను గిరుక్కున ఆయన వైపు తిరిగాను.

"మీరా? ఎప్పుడు?"

"నువ్వు మూటలు లోపల పెట్టేటప్పుడు. రెండుసార్లు. నీకు చెబితే కంగారు పడతావని..."

మేస్త్రి నుదురు కొట్టుకుని ఫక్కుమన్నాడు. "ఏడు పోస్తే ఆరున్నర దిగింది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు! ఈ వయసు ఇంజన్‌కు అది తాగుడే కాదు. ఎక్కువైతే ఆయిల్ గాలి గొట్టంలోకి పొంగుతుంది, టర్బో దాన్ని లాగి ఇంజన్‌కు పట్టిస్తుంది. మీ నీలం పొగ అదేనమ్మా. ఇంజన్‌కు రోగం లేదు, రోగం మీ ఇద్దరిదీ!"

అమ్మయ్య అనుకోవాలి. అనుకున్నాను కూడా. మేస్త్రి గొట్టాలు తుడిచి, ఐదు లీటర్లు కొలిచి పోస్తున్నంతసేపూ ఆయన్ను తిట్టిపోశాను. "నేనంటే బుద్ధి లేనిదాన్ని, మీకేమైంది? పుస్తకంలో నేను 'సరే' అని రాస్తుంటే నమ్మినట్టే ముఖం పెట్టారే!"

ఆయన ఎదురు చెప్పలేదు. ఎప్పుడూ మాటకు మాట అంటించే మనిషి. నా నోరు దానంతటదే ఆగిపోయింది.

"మీ బరువు పుస్తకంలో ఏం రాస్తున్నారు?"

ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

ఆ నూనె నేల మీదే కూలబడి ఆయన చెప్పు లాగేశాను. పట్టీ పడినచోట గాడి పడి ఉంది. మడమ పైన బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది, పూడలేదు.

"ఎన్ని కిలోలు పెరిగారు?"

"మూడు."

"ఎప్పటి నుంచి?"

"సోమవారం నుంచి." ఆ రెండు మాటలకే ఆయాసపడ్డాడు. "చెబితే ఆ పొగలోనే కొండెక్కిస్తావు. మధ్యలో ఆగిపోతే ఒక్కదానివి ఏం చేస్తావు? బండి సంగతి తేలాక చెబుదామనుకున్నా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండింటికీ వేళ కాదు.

మేస్త్రి అప్పటికే బానెట్ దించాడు. "ఎక్కండమ్మా. అద్దం చూడకండి, రోడ్డు చూడండి. బండికి పూచీ నాది," అన్నాడు. మా ఆయన చంక కింద చెయ్యివేసి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

కొండ మొదట్లో గొట్టంలో మిగిలిన తడికి కాస్త పొగ వచ్చింది. మూడో మలుపు దాటేసరికి అదీ పోయింది. మేస్త్రి వద్దన్నా అద్దం చూస్తూనే ఉన్నాను. టర్బో ఈల వేస్తూ లాగుతోంది. ఆ ఈల ఆగితే ఆయన ఊపిరి వినిపించేది, అది నాకు నచ్చడం లేదు.

"ఊపిరి ఎలా ఉంది? 'సరే' అన్నారంటే ఇక్కడే దింపేస్తా."

ఆయన కిటికీ అద్దం కిందికి దించాడు.

"అందడం లేదే," అన్నాడు. "భయంగా ఉంది."

"నాకూ," అన్నాను.

ఆయన చెయ్యి వచ్చి గేరు మీదున్న నా చేతిపై పడింది. చెయ్యి తీయకుండానే గేరు మార్చి కొండ ఎక్కించాను.