మేడమ్‌కి కిచెన్ చూపించండి

"ముందు మేడమ్‌కి కిచెన్ చూపించండి" అన్నాడు బ్రోకరు, ఇంకా చెప్పులైనా విప్పకుండానే.

ప్రతి ఇంట్లోనూ ఇదే. తలుపు తెరుచుకోవడం ఆలస్యం, మా ఆయనా బ్రోకరూ బాల్కనీలోకి నడిచేసి నీళ్ళు సరిగ్గా వస్తాయా, లిఫ్టు మధ్యలో ఆగిపోతుందా, స్టేషన్‌కి నడిస్తే ఎంతసేపు అని పెద్దమనుషుల గొంతులు పెట్టి మాట్లాడుకుంటారు, నన్ను మాత్రం వంటింట్లో వదిలేస్తారు, పసిపిల్లని బొమ్మల కొట్లో వదిలినట్టు. "వంటిల్లు నీకు నచ్చితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాలే" అంటాడు మా ఆయన. ప్రేమగానే అంటాడు, అదే వచ్చిన చిక్కు, కోప్పడ్డానికి కూడా సందు దొరకదు. మిగతాదంతా అంటే హాలు, రెండు పడగ్గదులు, బాల్కనీ, కాగితాలు, ఇంకా నా జీతం కూడా చూపిస్తే తప్ప రాని బ్యాంకు లోను.

అలాగని ఇల్లు నాకు వద్దని కాదు. నిజానికి మా ఆయన కంటే నాకే పిచ్చి ఎక్కువ. అద్దె ఇళ్ళల్లో పెరిగినదాన్ని, గోడకి ఒక్క మేకు కొట్టాలంటే ఓనరావిడ ముందు చేతులు కట్టుకుని నిలబడే అమ్మని చూసినదాన్ని. అందుకే ఆదివారం వచ్చిందంటే మా ఆయన కంటే ముందు నేనే తయారైపోయేదాన్ని. రైలెక్కి లైను చివరిదాకా వెళ్ళేవాళ్ళం, నగరం అయిపోయి ఇంకేదీ మొదలవ్వని చోటికి. మా జీతాలకి ఇళ్ళు దొరికేది అక్కడే. వరసగా ఒకే రంగు బిల్డింగులు, ఒకేలాంటి కిటికీలు, పట్టపగలు కూడా వీధిలో మనిషి కనపడడు, ఎక్కడో మిక్సీ తిరుగుతున్న చప్పుడు మాత్రం వస్తూ ఉంటుంది, ఏ ఇంట్లోంచో చెప్పలేం, ఎటు నడిచినా అంతే దూరంలో వినిపిస్తుంది.

మొదట చూసిన ఇల్లు ఖాళీది. వంటింట్లో పొయ్యి పెట్టుకునే గట్టు ముందు, నేల మీద రెండు మచ్చలు కనిపించాయి. మురికి కాదు. టైల్స్ అన్నీ మెరుస్తున్నాయి, ఆ రెండు చోట్ల మాత్రం మెరుపు పోయింది, పక్కపక్కనే, కొంచెం ఎడంగా, పాదాల ఆకారంలో. నేను ఎక్స్‌రే సెంటర్లో టెక్నీషియన్‌ని. ఛాతీ ఎక్స్‌రే తీసేచోట నేల మీద రెండు పాదాల స్టిక్కర్లు అంటించి ఉంటాయి, వచ్చినవాళ్ళని వాటి మీద నిలబెట్టి, గడ్డం పైకి పెట్టండి, భుజాలు ముందుకి, ఊపిరి పీల్చండి, ఆపండి, కదలకండి అని రోజంతా చెప్పడమే నా పని. అందుకే చూడగానే గుర్తుపట్టేశాను. ఇక్కడ ఎవరో నిలబడ్డారు. కదలకుండా, ఏళ్ళ తరబడి. గట్టు అంచు రాయి మీద కూడా సరిగ్గా పొట్ట ఆనేచోట పాలిష్ పోయి ఉంది. మా ఆయన్ని పిలిచి చూపిస్తే వంగి చూసి, "ఏదీ, నాకేం కనపడ్డంలేదే. టైల్స్ బానే ఉన్నాయి" అన్నాడు. బ్రోకరు కూడా వంగి చూసి బానే ఉన్నాయన్నాడు.

తర్వాత చూసిన ఇంట్లోనూ ఉన్నాయి. ఆ తర్వాతదాంట్లోనూ. పొయ్యి ఒక్కో ఇంట్లో ఒక్కో వైపు ఉండేది, మచ్చలు మాత్రం దాని ముందే, అదే ఎడంతో. దాంతో నాకు ఇంకో పిచ్చి పట్టుకుంది. వంటింట్లోంచి బయటికొచ్చి, ఆ ఇంట్లో ఉండి వెళ్ళిన ఆడమనిషి ఇంకెక్కడైనా అరిగిందా అని వెతకడం మొదలుపెట్టాను. కిటికీ పక్కన, బాల్కనీ మూల, గోడకి తల ఆన్చిన జిడ్డు మరకలాంటిదేమైనా. మనుషులు ఇంకా ఉంటున్న ఇళ్ళల్లో సోఫాలకి గుంటలు కనిపించేవి గానీ అవి ఇంటాయనవని ఎదురుగా ఉన్న టీవీయే చెప్పేది.

ఇదంతా జరుగుతుండగానే మా సెంటర్‌కి కొత్త స్కానింగ్ మిషన్ వచ్చింది. మా డాక్టరుగారు నన్ను పిలిచి, "ట్రైనింగ్‌లో నిన్నే పెడదామనుకుంటున్నా. ఆర్నెల్లపాటు పొద్దున్న ఏడింటికల్లా ఇక్కడుండాలి. దూరంగా ఇల్లు కొంటున్నావటగా, నీకు కుదరదంటే చెప్పు, ఆ కొత్తబ్బాయిని పెట్టేస్తా" అన్నారు. ఆ కొత్తబ్బాయికి మొన్ననే, ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసం ఆప్రాన్ ఎటువైపు తొడుక్కోవాలో నేను చూపించాను. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన ఫోన్లో ఇళ్ళ ఫొటోలు జరుపుతూనే, "ఆ మిషన్ ఎక్కడికీ పారిపోదు, ఇల్లే మళ్ళీ దొరకదు" అన్నాడు.

"అక్కణ్ణుంచి మొదటి రైలెక్కినా నేను చేరేసరికి ఎనిమిది దాటుతుంది" అన్నాను.

"అదే కదా నేనూ అంటున్నది, ఇప్పుడొద్దని."

తనకి వారంలో రెండు రోజులే ఆఫీసు, మిగతా రోజులు ఇంట్లోనే. దూరం అనే మాట మా ఇద్దరికీ ఒకటే కొలత కాదు. మా అత్తయ్య అయితే, "మిషన్‌దేముంది అమ్మాయ్, మీట నొక్కడమేగా, ఎవరు నొక్కితేనేం. మా ఇంటి గ్రైండరు నేను నొక్కినా తిరుగుతుంది, మీ మామయ్య నొక్కినా తిరుగుతుంది. ఆయన ఎప్పుడూ నొక్కలేదనుకో" అంది. నవ్వొచ్చేసింది నాకు. ఆవిడతో వచ్చిన తంటా అదే, నవ్వించేసి పని కానిచ్చేస్తుంది.

ఆ తర్వాతి ఆదివారం చూసిన ఇల్లు మాత్రం అందరికీ నచ్చింది. అమ్మేవాళ్ళు ఇంకా అందులోనే ఉంటున్నారు. ఇంటాయన హాల్లో సోఫాలో కూర్చుని లేవకుండానే అన్ని గదులూ చేత్తో చూపించాడు. నేను అలవాటుగా వంటింట్లోకి వెళ్తే, వాళ్ళావిడ పొయ్యి ముందు నిలబడి ఉంది, నాకు వీపు పెట్టి. పొయ్యి వెలగట్లేదు. గట్టు మీద గిన్నె లేదు, కూర లేదు, ఏమీ లేదు. ఊరికే నిలబడి ఉంది.

"రండి" అంది వెనక్కి తిరక్కుండానే. "ఉద్యోగం చేస్తారా?"

"ఆఁ, ఎక్స్‌రే తీస్తానండి."

"నేనూ చేసేదాన్ని, టెలిఫోన్ ఆఫీసులో. ఇక్కడికొచ్చాక రైళ్ళు కుదర్లేదు." వానొచ్చి బట్టలు ఆరలేదన్నంత మామూలుగా చెప్పింది.

"ఇల్లు మంచిదేనాండీ?" అని అడిగాను, ఇంకేం అడగాలో తెలీక.

"ఇంటికేం, ఇల్లు మంచిదే" అని పక్కకి జరిగింది. "ఒకసారి నిలబడి చూడండి."

కిందకి చూశాను. ఈ ఇంట్లో మచ్చలు మిగతావాటికంటే లోతుగా, మసకగా ఉన్నాయి. వద్దనుకుంటూనే నిలబడ్డాను. నా కొలత తీసి చేయించిన చెప్పుల్లా సరిపోయాయి పాదాలు. చల్లగా ఉండాల్సిన నేల వెచ్చగా ఉంది. చెయ్యి చాపితే ఇటు కుళాయి, అటు డబ్బాల అర, ఒక్క అంగుళం వంగక్కర్లేదు, ఒక్క అంగుళం సాగక్కర్లేదు. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "సరిగ్గా సరిపోయారు" అంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. రైల్లో ఎంతోసేపు నిలబడ్డాక ముందున్న మనిషి దిగిపోవడానికి లేస్తుంటే, మన మొహంలోకి వచ్చేస్తుందే ఒక మెత్తదనం, అది.

హాల్లో బ్రోకరు, "ఫ్యాన్లు, గీజరు, అల్మరాలు అన్నీ వదిలేసి వెళ్తారు సార్" అంటున్నాడు. ఇంటాయన, "అడిగితే మా ఆవిడని కూడా వదిలేస్తా, బాగానే వండుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా.

వారమంతా నా అరికాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఒళ్ళు వెచ్చగా లేదు, జ్వరం కాదు, అరికాళ్ళే. సెంటర్లో ఒక పెద్దావిడని స్టిక్కర్ల మీద నిలబెట్టి, ఊపిరి ఆపండి, కదలకండి అంటే, "ఎప్పటిదాకా అమ్మా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. రెండు సెకన్లే అని చెప్పాలి, అదే జవాబు, కానీ నేను మీట నొక్కేసి, అయిపోయిందమ్మా అన్నాను. డాక్టరుగారు కూడా ఆ సాయంత్రమే అడిగారు, సోమవారం నుంచి ట్రైనింగ్‌కి వస్తున్నావా లేదా ఏదో ఒకటి చెప్పమని. రేపు చెప్తానన్నాను.

అగ్రిమెంటు రోజు అత్తయ్య కూడా మాతో వచ్చింది. గుమ్మం పక్కన ఇంటావిడ చెప్పులుంటే వాటి పక్కనే నావి విప్పాను. "మా ఆవిడ టీ పెడుతోంది, కూర్చోండి" అన్నాడు ఇంటాయన. బ్రోకరు, మా ఆయన, అత్తయ్య కూర్చునేసరికి కుర్చీలైపోయాయి. సాయం చేద్దామని నేను లోపలికి వెళ్ళాను.

వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక్క అడుగు ముందుకేసి మంట తగ్గించాను. అంతవరకే నాకు గుర్తు. ఆ తర్వాత చూసుకుంటే పొయ్యి ఆర్పేసి ఉంది, నా చేతుల్లో ట్రే, ట్రేలో టీ గ్లాసులు. టీపొడి ఎక్కడుందో నేనెవర్నీ అడగలేదు. వడకట్టేది తలుపు వెనక వేలాడుతుందని నాకెవరూ చెప్పలేదు. చక్కెర డబ్బా మూత బిగుసుకుపోతే ఎడమచేత్తో పట్టుకుని గట్టుకేసి ఒక్కసారి కొట్టాలి, అప్పుడే వస్తుంది. అది కూడా ఎవరూ చెప్పలేదు.

ట్రే పట్టుకుని హాల్లోకి వెళ్తే ఇంటాయన కాగితాల్లోంచి తలెత్తకుండా గ్లాసు అందుకున్నాడు. మా ఆయనా అంతే. అత్తయ్య ఒక గుక్క తాగి, "ఇంటావిడ టీ భలే పెట్టిందమ్మాయ్, ఎలా పెట్టిందో అడిగి నేర్చుకో. ఎలాగూ ఆ పొయ్యి రేపట్నించి నీదేగా" అంది.

"నేనే పెట్టాను అత్తయ్యా" అన్నాను.

"ఆఁ, అదే, అడుగు" అంది అత్తయ్య.

ఇంటాయన ఏదో పేజీ తిప్పుతూ, "ఆ బీరువా తాళాలు పట్రా, ఒరిజినల్స్ అందులో ఉన్నాయి" అన్నాడు. నాతోనే. పట్రా అన్నాడు. మా ఆయన భుజం నాకు తగిలేంత దగ్గర్లో ఉన్నాడు, విననైనా విన్లేదు. నా కాళ్ళు తిరిగాయి. పడగ్గదిలో, కిటికీ కింద, మడతపెట్టిన దుప్పట్ల మధ్య, పాత మేజోడు లోపల. తాళాలు అక్కడుంటాయని నాకు తెలుసు. నేను ఆ గదిలో ఒక్కసారి కూడా సరిగ్గా అడుగుపెట్టలేదు, అయినా తెలుసు, మేజోడుకి మడమ దగ్గర చిల్లుందని కూడా తెలుసు. సగం దూరం నడిచాక పడగ్గది తలుపు చట్రం పట్టుకుని ఆగాను. ఆగడానికి ఎంత బలం కావలసివచ్చిందంటే వేళ్ళు తెల్లబడ్డాయి.

అక్కణ్ణుంచి వీధి గుమ్మం కనిపిస్తోంది. తలుపు ఓరగా తీసి ఉంది. గుమ్మం పక్కన ఆడవాళ్ళ చెప్పులు నావీ అత్తయ్యవీ మాత్రమే ఉన్నాయి.

"ఆవిడ ఏరండీ?" అని ఇంటాయన్ని అడిగాను.

"ఎవరు?"

"మీ ఆవిడ."

"లోపలే ఉంటుంది, ఎక్కడికి పోతుంది" అన్నాడు. ఎవరూ లేచి చూడలేదు.

తాళాలు తేకుండానే హాల్లోకి తిరిగొచ్చాను. మా ఆయన పెన్ను మూత తీసి, పెన్నూ మూతా రెండూ నా చేతిలో పెట్టాడు. "ఇక్కడ నువ్వు, కింద నేను" అని వేలితో చోటు చూపించాడు. కాగితం మీద ఆ చోటు ఖాళీగా ఉంది. నేనింకా నిలబడే ఉన్నాను.

"సోమవారం నుంచి నేను ట్రైనింగ్‌కి వెళ్తున్నాను" అన్నాను. "ఏడింటికల్లా అక్కడుండాలి, ఇక్కణ్ణుంచి కుదరదు. ఈ ఇల్లు నేను కొనను." ఇల్లు కావాలని అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే కదా.

"నోటిదాకా వచ్చిన ముద్దని నేలపాలు చేసుకుంటామా అమ్మాయ్" అంది అత్తయ్య. ఈసారి నవ్వించాలని అన్లేదు.

మా ఆయన గొంతు తగ్గించి, నవ్వుమొహం అలాగే ఉంచి, "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాంలే, ముందు సంతకం పెట్టు" అన్నాడు.

"ఇక్కడే మాట్లాడుకుందాం. పెట్టాక మాట్లాడ్డానికేముంటుంది?" అన్నాను.

బ్రోకరు దగ్గి కిటికీ వైపు చూశాడు. ఇంటాయన ఖాళీ గ్లాసుని పక్కకి జరిపి, వంటింటి వైపు మొహం తిప్పి పిలిచాడు. "ఏమేవ్, ఇంకోసారి టీ పెట్టు."

నా అరికాళ్ళు మళ్ళీ వెచ్చబడ్డాయి.

"ఏమేవ్, నిన్నే" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. నాలుక చివరిదాకా వచ్చేసిన "ఆఁ, వస్తున్నా"ని మింగేసి, నేను పెన్నుకి మూత పెట్టాను.