ముక్కు వదినది, లెక్క ఆడపడుచుది

వదిన తోటలోవన్నీ కొరుక్కుతినే తియ్యటి ఆపిల్ పళ్ళు. ఆ ఏడు కోతకు పది రోజుల ముందు వడగళ్ళ వాన కురిసి పండు పండుకూ మచ్చ పెట్టి పోయింది. రుచికి లోటు లేదు గానీ, మచ్చపడ్డ పండు వైపు అంగడివాళ్ళు కన్నెత్తి చూడరు. రసం తీసి పులియబెట్టి సైడర్ చేద్దామని ఆడపడుచు అన్నది.

ఆడపడుచు ముప్పై ఏళ్ళు నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి ఆ మధ్యే పదవీ విరమణ చేసింది. అన్న పోయాక వదినకు తోడుగా వచ్చి ఉంటోంది. ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. క్రితం చలికాలం వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆమెకు వాసన తెలియకుండా చేసి పోయింది. నాలుక మీద తీపి, పులుపు, వగరు తెలుస్తాయి. ముక్కు మాత్రం మొద్దు. కాఫీ పొడి డబ్బా మూత తీసినా ఒకటే, సబ్బు పెట్టె మూత తీసినా ఒకటే.

రసాన్ని పరీక్షించి, తీపి పుష్కలంగా ఉందనీ, పులుపు అంతంతమాత్రమనీ, వగరు అసలే లేదనీ తేల్చింది. ఇలాగే పులియబెడితే తీపంతా సారాగా మారిపోయి, చివరికి చప్పటి నీళ్ళు మిగులుతాయన్నది. కంచె వెంట పెరిగిన అడవి ఆపిల్ కాయలు ఆరు బుట్టలకు ఒక బుట్ట చొప్పున కలపాలన్నది. పిట్టలు కూడా ముట్టని కాయలని వదిన నవ్వింది. ఒకటి కొరికి చూస్తే బుగ్గలు లోపలికి లాక్కుపోయాయి. అయినా కోసుకొచ్చింది.

పాత సామాన్ల కొట్టంలో, చల్లటి గోడ పక్కన మూడు పీపాలు నింపారు. నెమ్మదిగా పులిస్తేనే పండు వాసన నిలుస్తుందనీ, వేడికి తొందరపడి పొంగితే గాలిలో కలిసిపోతుందనీ ఆడపడుచు చెప్పింది. చెబుతున్నంతసేపూ తన మాట తనకే ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుగా వినిపించింది.

తొమ్మిదో రోజు కొట్టంలో అడుగు పెట్టగానే వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతోందన్నది. ఆడపడుచు పీపా మీదకు వంగి, గట్టిగా గాలి పీల్చి, తల ఆడించింది. పులిసేటప్పుడు ఇది మామూలేనని చెప్పింది. రసంలో తేలుతూ తీపిని కొలిచే గాజుగొట్టం కూడా అంతా సవ్యంగానే ఉందంటోంది కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున వదిన కొట్టంలోకి వచ్చి, ఖాళీ బుట్ట బోర్లించి దాని మీద కూచుంది.

"ఇందాక పొయ్యి మీద పాలు మాడిపోయాయి. పక్క గదిలోనే ఉన్నావు, లేచి రాలేదు" అన్నది. "ఎన్నాళ్ళయింది?"

ఆడపడుచు చేతిలోని గాజుగొట్టం తుడిచి పక్కన పెట్టింది. "చలికాలం నుంచి" అన్నది.

"చెప్పలేదేం?"

"చెబితే నా మాట నమ్మి పళ్ళు పిండేదానివా వదినా?"

వదిన నిజంగానే ఆలోచించింది. "పిండేదాన్ని కాదు. సరేలే, పిండేశాంగా. ఆ కంపుకి ఏం చెయ్యాలో చెప్పు."

ఆడపడుచుకు కళ్ళు చెమర్చాయి. కానీ పనిలో పడింది. పాత చెట్లకు ఏళ్ళ తరబడి ఎరువు పడలేదనీ, అందుకే రసంలో నైట్రోజన్ తక్కువైందనీ, తీపి ఎంత ఉన్నా అది లేకపోతే రసాన్ని పులియబెట్టే ఈస్ట్‌కు కడుపు నిండదనీ, ఆకలితో మాడితే అది గంధకపు కంపు వదులుతుందనీ వివరించింది. గాజుగొట్టానికి తీపి తగ్గడమే తెలుస్తుంది గానీ, ఈ ఆకలి తెలియదు. ఈస్ట్‌కు వేసే పోషకాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, కొలిచి, మూడు పీపాల్లోనూ కలిపింది. రోజూ రెండు పూటలా వదిన వచ్చి వాసన చూసి చెప్పేది. నిన్నటికన్నా నయం, ఇవాళ అగ్గిపుల్ల వాసన, ఇవాళ ఏమీ లేదు. ఆడపడుచు ప్రతిదీ తన పుస్తకంలో తీపి అంకె పక్కనే రాసేది.

రెండు పీపాలు తేరుకున్నాయి. మూడోదాని కంపు ఎంతకీ వదల్లేదు. వదిన చెప్పగానే ఆడపడుచు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా దాన్ని పారబోసింది.

చలి తగ్గాక, మడ్డి అడుక్కి దిగి సైడర్ తేటపడింది. వీధి చివరి హోటలాయన ఒక గ్లాసు తాగి, రెండోసారికి గ్లాసు చాచాడు. సీసాలకెత్తితే తనకు రెండు పెట్టెలు ఉంచమని చెప్పి వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక ఇద్దరూ చెరో గ్లాసు పోసుకున్నారు. ఆడపడుచు నాలుక మీద పులుపు చురుక్కుమంది, దాని వెనకే చిగుళ్ళ దాకా వగరు పాకింది. బాగుంది. కానీ అక్కడితో ఆగిపోయింది.

"ఎలా ఉంది వదినా వాసన?"

వదిన కళ్ళు మూసుకుంది. "అత్తయ్య బీరువా తలుపు తీసినట్టుంది. చీరల మధ్య పళ్ళు దాచేది చూడు, ఆ బీరువా."

ఆడపడుచు మరో గుక్క తాగింది. ముక్కుకు ఏమీ అందలేదు. అయినా ఆ చెక్క తలుపు, కింది అరలో వరసగా పేర్చిన పళ్ళు, వాటిని తాకనివ్వని అమ్మ చెయ్యి కళ్ళముందు కదిలాయి. ఆఖరి అంకె పక్కన "అమ్మ బీరువా" అని రాసుకుని, సీసాలు కడగడానికి లేచింది.