మసిపట్టిన ప్లగ్గులు

మంజూషకు తన పాత పెట్రోల్ జీపంటే ప్రాణం. సెలవు దొరికితే వికారాబాద్ అడవిదారుల్లోకి, మిగతా రోజుల్లో పంజాగుట్టలోని ఆఫీసుకి, అన్నిటికీ అదే. ఆరేళ్లుగా దాన్ని చూసేది అమీర్‌పేట మెకానిక్ రాజనర్సయ్య. వెళ్లినప్పుడల్లా, "ఈ వారం ఏ అడవికి పోతున్నవ్ బిడ్డా?" అని అడుగుతాడు.

స్పార్క్ ప్లగ్గులు మార్చాల్సి వచ్చినప్పుడు ఆమె వారం రోజులు ఇంటర్నెట్‌లో చదివి, రేసు బళ్లకు వాడే రకం నాలుగు తెప్పించింది. రాజనర్సయ్య కళ్లద్దాలు సర్దుకుని ఒకదాని మీద నంబరు చూశాడు.

"గివి నీ బండికి వద్దు బిడ్డా. మస్తు స్పీడ్ల గంటలకొద్ది ఉరికే బండ్లకైతే మంచిగుంటయ్. నువ్వేమో రోజూ గీ ట్రాఫిక్ల ఫస్ట్ గేర్, సెకండ్ గేర్ల పోతవు. ప్లగ్ వేడెక్కకుంటే మసి కాలదు, గట్లనే పేరుకపోతది. కంపెనీ చెప్పిన మామూలువే ఏస్త."

"అన్నీ చదివే తెచ్చానండీ. ఇవే వేయండి."

అతను వాటినే బిగించాడు.

మూడు వారాలకు, పొద్దున తొమ్మిదింటికి, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద జీపు దగ్గి దగ్గి ఆగిపోయింది. వెనక హారన్లు, ట్రాఫిక్ పోలీసు చీవాట్లు. దాన్ని పక్కకు తోయించి ఆటో ఎక్కిన మంజూష, ఆ కోపంలోనే ఫోన్ తీసి రాజనర్సయ్య షాపుకి ఒక్క స్టార్ ఇచ్చింది. 'పాతకాలం మెకానిక్. ప్లగ్గులు బిగించడం కూడా రాదు. ఎవరూ వెళ్లకండి' అని రాసింది.

సాయంత్రం జీపును బేగంపేటలో ఓ వర్క్‌షాపుకి లాగించింది. అక్కడి మెకానిక్ కేదార్ ప్లగ్గులు విప్పి చూపించాడు. నాలుగూ నల్లగా మసిపట్టి ఉన్నాయి.

"బిగించడంలో తప్పేమీ లేదు మేడమ్. సిటీలో తిరిగే బండికి ఈ రకం పనికిరాదు. ఎవరు వేయమన్నారు?"

"నేనే," అంది మంజూష. అక్కడే నిలబడి, ఫోన్‌లో రాసింది చెరిపేసింది.

మర్నాడు అమీర్‌పేట వెళ్లింది. షాపుకొచ్చే ఫోన్లు, మెసేజ్‌లు చూసుకునే రాజనర్సయ్య కూతురు సంగీత ఆమెను చూడగానే ముఖం తిప్పుకుంది.

"మీరు తీసేసిన్రు గని, బాపుకు ముందే తెలిసింది. ఎప్పటి కస్టమరు కదా, మంచిగనే రాసిన్రనుకొని నేనే బాపుకు సదివి ఇనిపించుడు షురూ చేసిన. మధ్యల ఆపితే, మొత్తం సదువు అన్నడు."

కారు కింద నుంచి రాజనర్సయ్య లేచి వచ్చాడు.

"తప్పు నాదండీ. మీరు చెప్పారు, నేనే వినలేదు," అంది మంజూష.

"బండి మంచిగైందా?"

"అయింది. మీరు చెప్పిన రకమే వేశారు."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"కోపమొస్తే నా ముంగట తిట్టకపోయినవా బిడ్డా? జవాబు చెప్పనీకి నాకు జాగ ఉంటుండె. ఫోన్ల రాస్తే నేనెవలకు చెప్పుకోవాలె?"

మంజూష తల వంచుకుంది.

"పోనీ తియ్. ఇగ సర్వీసుకు బేగంపేటకే పో. నీ బండి ముట్టాలంటే నా చెయ్యికి భయమైతది."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. సంగీత ఇచ్చిన చాయ్ సగం తాగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు సర్వీసులు బేగంపేటలోనే అయ్యాయి. పని శుభ్రంగానే చేస్తారు. ఈ వారం ఏ అడవికి పోతున్నవని మాత్రం అక్కడ ఎవరూ అడగరు.