రొట్టెలవాళ్ల రోజు

విరిగిన చేతికి కట్టు విప్పాక అన్న చూసుకుంటే, అది ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న చెయ్యిలా ఉంది. కండంతా కరిగి పుల్లయిపోయింది. బేకరీ యజమాని మొహమాటపడకుండా చెప్పేశాడు: నెలాఖరుకి తొట్టెడు పిండి నువ్వే కలపగలిగితే సరే, లేదంటే మిషను తెప్పిస్తాను, నువ్వు కౌంటర్లో కూర్చో. తండ్రి నిలబడ్డ తొట్టి ముందే ఇన్నేళ్లూ నిలబడ్డవాణ్ణి కౌంటర్లో కూర్చోమనడం కంటే ఛీ పొమ్మనడం నయం.

దిక్కెవరు? చెల్లెలే. ఇంట్లో ఆమెను పిట్ట అనేవాళ్లు. ఇప్పుడా పిట్ట జిమ్ములో కోచ్. ఆమె జబ్బలు చూసి మగాళ్లు చొక్కా చేతులు కిందికి లాక్కుంటారు.

"మూడంటే మూడే సెట్లన్నయ్యా," అంది డంబెల్ చేతికిచ్చి. "ప్రతి సెట్లోనూ చివర్లో కాస్త కష్టమనిపించాలి. రోజు విడిచి రోజు చెయ్యి. కండ ఎత్తేటప్పుడు పెరగదు, విడిచిన రోజునే పెరుగుతుంది."

"సోమరిపోతులకి బాగుంటుందే నీ శాస్త్రం," అన్నాడు అన్న. అన్నాడే గానీ, ఆమె మాట జవదాటలేదు.

అయినా చెయ్యి లావెక్కలేదు సరికదా, వణుకు పట్టుకుంది. సగం పిండి కలిపేసరికి మోచెయ్యి సలిపేది. చెల్లెలికి పాలుపోలేదు. బరువు తగ్గించింది, తిండి ఆరా తీసింది.

"ఎక్కువగానీ చేస్తున్నావా?"

"నీ మీద ఒట్టు, రోజు విడిచి రోజే."

అన్న అబద్ధమాడే రకం కాదు. దాంతో ఆమే బేకరీకి వచ్చింది.

గడప దాటగానే పులిసిన పిండి వాసన ఆమెను చిన్నప్పటికి లాక్కుపోయింది. ఆ గోడవార మైదా బస్తాల మీదే కదా ఇద్దరూ నిద్రపోయేది! నాన్న మోచేతుల దాకా పిండిలో ముంచి కూనిరాగం తీసేవాడు. అమ్మ గుమ్మంలోంచి "ఇంకెంతసేపు?" అని అరిస్తే, "ఒక రోజయింది, ఇంకో రోజుంది!" అని కేకేసేవాడు.

చెల్లెలు ఠక్కున ఆగిపోయింది. నాన్న లెక్కలో తెల్లవారి బట్టీ, అంటే పొద్దుటి రొట్టెల వాయి, ఒక రోజు; సాయంత్రం బట్టీ ఇంకో రోజు. ఏ బట్టీ కూలి ఆ బట్టీకే ఇచ్చే కాలంలో పుట్టిన మాట అది. బయట ఎలా ఉన్నా, ఈ గుమ్మం లోపల అన్నకి నేటికీ రోజంటే బట్టీయే.

"అన్నయ్యా, డంబెల్ ఎక్కడ పెట్టావ్?"

"ఇక్కడే, తొట్టి కింద. తెల్లవారి బట్టీకి ఎత్తుతా, సాయంత్రం బట్టీకి విడుస్తా. నువ్వు చెప్పినట్టేగా?"

"ఓరి దేవుడో! అంటే ఒక్క పూట తప్ప ఆ చేతికి విశ్రాంతే లేదన్నమాట!"

సంగతి విప్పి చెప్పాక ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ అన్న నెమ్మదించాడు.

"నాన్న యాభైకే పోయాడనుకుంటాం గానీ పిట్టా, ఆయన లెక్కలో నూరేళ్లు బతికాడే."

ఇన్నేళ్లకి మళ్లీ చెల్లెలికి నాన్న మీద బెంగ పుట్టింది. ఆమే వెళ్లి యజమానిని బతిమాలి ఇంకో రెండు నెలలు గడువు తెచ్చింది.

ఈసారి అన్న నిజంగానే రోజు విడిచి రోజు చేశాడు. ఆ విడిచిన రోజు గడవడమే గగనమైంది. చేతులు ఊరుకోక గిన్నెలు తోమబోతే వదిన తరిమికొట్టింది. ముందు సలుపు పోయింది. ఆ తర్వాత మెల్లగా చొక్కా చెయ్యి బిగుతయింది.

గడువు నాడు చెల్లెలి కళ్లముందే తొట్టెడు పిండీ అన్నే కలిపాడు. చెయ్యి వణకలేదు. యజమాని పిండిని వేలితో నొక్కి చూశాడు.

"భేష్. రేపట్నుంచి రెండు బట్టీలూ మళ్లీ నీవే."

"ఒక్కటే చేస్తానండి. రెండోదానికి ఇంకో మనిషిని చూసుకోండి."

"అదేంటయ్యా? మీ నాన్న రెండూ చేసేవాడుగా!"

"అందుకేనండి," అన్నాడు అన్న.

యజమాని తొట్టి వంక చూసి తలూపాడు. చెల్లెలు కళ్లు తుడుచుకుని, అన్న చేతులకి నీళ్లు పోసింది.