నా వెనక చక్రం ఢిల్లీ చేరింది

నేను ఒక సైకిల్‌ను. నల్లరంగు, బరువైన చట్రం, ముందు రాడ్డు ఉన్న పాతకాలపు సైకిల్‌ను. ఉత్తరాదిన ఏదో కర్మాగారంలో పుట్టానని నా మెడకింది రేకు చెబుతుంది. నాకు గుర్తులేదు కనుక ఆ రేకునే రుజువుగా స్వీకరిస్తున్నాను. మొదట నన్ను చీరాలలో ఒక పోస్ట్‌మ్యాన్ కొన్నాడు. ఆయన దసరాకు నా హ్యాండిల్‌కు పసుపు కుంకుమలు పెట్టేవాడు. ఏడాది పొడుగునా చెయిన్‌కు చుక్క నూనె వేసేవాడు కాదు. మనుషుల్లో భక్తి, శ్రద్ధ వేరువేరు గదుల్లో కాపురం ఉంటాయని అప్పుడే గ్రహించాను.

ఆయన దగ్గర నన్ను కొన్నవాడు దైవాధీనం, టెలిఫోన్ శాఖలో లైన్‌మ్యాన్. నా రాడ్డుకు ఒక చిన్న సీటు బిగించాడు. దానిమీద ఆయన కూతురు హైమ కూర్చునేది. బెల్లు మోగించే హక్కు ఆ పిల్లది. తండ్రి వేలు పెడితే చెయ్యి తోసేసేది.

ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. పాము కరిచిన పిల్లను పెద్దలు మధ్యాహ్నమే మంత్రగాడి అరుగు మీద పడుకోబెట్టారట. ఆయన నన్ను నేరుగా అక్కడికే తిప్పాడు. పిల్లను సీటుమీద కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో పొదివి పట్టుకుని, ఆస్పత్రికి తొక్కాడు. దారిలో ఆ తల ముందుకు వాలింది. బెల్లు ఒకసారి మోగింది. అది హైమ మోగించినది కాదు.

తరువాత ఆ సీటు విప్పేశాడు. బిగింపు పట్టీలు ఒరుసుకున్నచోట రంగు పోయి, రాడ్డుమీద రెండు గుండ్రటి గీతలు మిగిలాయి.

ఆయన హేతువాద సంఘంలో చేరింది ఆ ఏడాదే. సంఘానికి అధ్యక్షుడు విద్యాధరరావు అనే ప్లీడరు, మంచి వక్త. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా కన్యాకుమారి నుంచి ఢిల్లీకి సైకిల్ యాత్ర తలపెట్టినప్పుడు ఆయనే ఒక నియమం పెట్టాడు: అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాడు ముందుండాలి, వెనకవాళ్లెవరూ అతణ్ణి దాటకూడదు. దైవాధీనానికి మోకాలు నొప్పి. అందువల్ల దేశం పొడుగునా మేమే ముందున్నాం.

"దేవుడు లేడని చెప్పటానికి దైవాధీనాన్ని ముందు పెట్టుకున్న సంఘం మనదొక్కటేనండీ," అని ప్లీడరు నవ్వేవాడు.

"పేరు మా నాయన పెట్టిందండి. ఆయన తరఫున నన్ను వాదించమనకండి," అనేవాడు దైవాధీనం.

ఊరూరా ఆయన నాకు స్టాండు వేసి, ఆ గీతల మీద చెయ్యి ఆనించి, హైమ సంగతి చెప్పేవాడు. హిందీ ఊళ్లలో ఝాన్సీ అనే హిందీ టీచరు దాన్ని తర్జుమా చేసేది. నర్మద దాటాక ఒక ముసలామె దగ్గరికొచ్చి ఆ గీతలు తడిమి వెళ్లిపోయింది. చివర ప్లీడరు లేచి, "ఎవరేం చెప్పినా ఆధారం అడగండి. చెప్పేది నేనైనా సరే అడగండి," అనేవాడు. చప్పట్లు ఆ మాటకే పడేవి.

ఢిల్లీ సభలో, దేశం నలుమూలల నుంచి వచ్చే జనం ముందు, హైమ సంగతి చెప్పాలి. దైవాధీనానికి ఉన్న కోరిక అదొక్కటే. గాలికి ఎదురు తొక్కేటప్పుడు ఆ మాటల్ని గొణుక్కుంటూ సరిచూసుకునేవాడు.

ధోల్‌పూర్ దాటగానే రాయి తగిలి ప్లీడరు సైకిల్ వెనక చక్రం వంకరపోయింది. ఆయన నావైపు చూశాడు.

"మీ చక్రం నాకు సరిపోతుందనుకుంటా. మీరీ ధాబా దగ్గరే ఉండండి. ఆగ్రాలో కొత్తది కొని, ముందు వెళ్లిన మన సామాన్ల జీపులో పంపిస్తా. మీరొచ్చేదాకా అక్కడే ఆగుతాం. అసలు చెప్పాల్సింది మీరేగా, మీరు లేకుండా సభేమిటి?"

"చక్రందేముందండీ, తీసుకోండి," అన్నాడు దైవాధీనం. నట్లు తానే విప్పాడు.

దేవుణ్ణే ఆధారం అడిగిన మనిషికి, ఆ మాటకు ఆధారం అడగాలని తోచలేదు. నాకూ తోచలేదు. వాళ్లు వెళుతుంటే, యాత్ర మొదలయ్యాక తొలిసారి, మా ముందు మనుషుల వీపులు కనిపించాయి.

ధాబా గోడకు నన్ను ఆనించి ఆయన రోడ్డుకు ఎదురుగా కూర్చున్నాడు. జీపు చప్పుడు విన్నప్పుడల్లా లేచేవాడు. ధాబావాడు మొదట్లో టీ ఇస్తూ ధైర్యం చెప్పాడు. తరువాత టీ మాత్రమే ఇచ్చాడు. చివరకు పక్క ఊళ్లో పాత సామాన్ల వాడి దగ్గర ఒక చక్రం దొరికింది. అది నా కొలతది కాదు. తిరిగినప్పుడల్లా చట్రానికి రాసుకునేది. ఆగ్రాలో మాకోసం ఎవరూ ఆగలేదు. ఢిల్లీ చేరేసరికి పనివాళ్లు సభాస్థలిలో షామియానా చుడుతున్నారు.

బసలో ఝాన్సీ ఎదురొచ్చింది. కుశలం అడగలేదు.

"మీ పాప సంగతి లాయరుగారు చెప్పారండి. ముందు 'మావాడొకడి కూతురు' అన్నారు. జనం అట్టే వినటంలేదని 'నా కూతురు' అనేశారు."

"హిందీలో నువ్వేమని చెప్పావమ్మా?"

"ఆయన అన్నదే చెప్పానండి."

దైవాధీనం మళ్లీ అడిగాడు: "పేరు కూడా చెప్పాడా?"

"హైమ అనే చెప్పారండి."

ప్లీడరు వచ్చి దైవాధీనం భుజంమీద చెయ్యి వేశాడు. "సందేశం చేరటం ముఖ్యం దైవాధీనంగారూ. ఎవరి నోటితో చేరితే ఏంటి? చక్రం అంటారా, జీపు ఖాళీ కాలేదండీ." మర్నాటి పత్రిక ప్లీడరునే బిడ్డను పోగొట్టుకున్న తండ్రిగా రాసింది. ఆయన దాన్ని సరిదిద్దలేదు. ఏటా సభల్లో అదే చెబుతూ వచ్చాడు. ఇప్పుడాయన గొంతు సరిగ్గా అక్కడ జీరపోతుందట. నమ్మకాలు ఎలా పుడతాయో ఆయన ఎన్నో ఉపన్యాసాల్లో వివరించాడు. ఇంత చక్కటి ఉదాహరణ మాత్రం ఎక్కడా ఇవ్వలేదు.

ఆయన సైకిల్ బెజవాడలో సంఘం హాలులో అద్దాల వెనక ఉంది. వార్షికోత్సవంనాడు హేతువాదులు దానికి దండ వేస్తారు. దానికున్న వెనక చక్రం నాది.

నేను చీరాలలోనే ఉన్నాను, ఆ కొలత తప్పిన చక్రంతోనే. ఈమధ్య దైవాధీనం నన్ను సముద్రపు ఒడ్డు పల్లెకు తీసుకెళ్లాడు. అక్కడ ఒకరికి పాము కరిస్తే మంత్రం వేయిస్తున్నారని విన్నాడు. మనిషిని ఆస్పత్రికి పంపించాక, టీకొట్టు దగ్గర చేరినవాళ్లకు హైమ సంగతి చెప్పసాగాడు. వలలు బాగుచేసుకుంటున్న నడివయసు మనిషి మధ్యలో తలెత్తాడు.

"అది ప్లీడరుగారి పాప కత గదా పెదనాయనా. ఆయనొచ్చి చెప్పిపొయ్యాడు. నీ పాపంటావేంది?"

"నా పాపేనయ్యా."

"ఎవరేం చెప్పినా ఆదారం అడగమని ఆయనే చెప్పాడు. నీ కాడ ఏవుంది ఆదారం?"

దైవాధీనం చెయ్యి నా రాడ్డుమీదికి వచ్చింది. ఆ గీతల కోసం తడిమింది. ఉప్పుగాలికి తుప్పు పాకి, ఏది గీతో ఏది తుప్పో తెలియకుండా పోయింది.

"అడగాల్సిందే అడిగావయ్యా," అన్నాడాయన.

స్టాండు తీసి, ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ బయలుదేరాడు. ఊరు దాటాక ఆయన బొటనవేలు బెల్లు మీదికి వచ్చింది. అక్కడే ఉండిపోయింది, నొక్కలేదు. ఆనాడు ఆస్పత్రి దారిలో హైమ తల వాలి అది ఒకసారి మోగిందని తెలిసినవాళ్లం ఇద్దరమే. ఆయన మాట చెల్లలేదు. నాకు మాట లేదు.