కుప్పం సంతలో టముకు

మా కౌసల్యకు మొండితనం మా అక్క నుంచి వచ్చింది. ఎనభై ఒకటిలో మదనపల్లె కోర్టులో విడాకులు వచ్చిన రోజు దాని చేతిలో తీర్పు కాగితం ఉంది, చెవులకు కమ్మలు లేవు. వకీలు ఫీజుకు అవీ పోయాయి. కానీ అది ఏడవలేదు. బస్సెక్కి పుంగనూరులో మా ఇంటికొచ్చి, "పిన్నమ్మా, ఆకలైతాండాది" అంది. ముద్ద కలిపి పెట్టాను.

నెల తిరక్కుండానే పుంగనూరు బాలవాడీకి టీచరమ్మ కావాలన్నారు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నది పుట్టింటి పేరు, చింతమాకుల కౌసల్య. ఉద్యోగాల ఆఫీసు కార్డులో మొగుడు రాయించిన పేరు, గుండ్లపల్లి కౌసల్య. మదనపల్లె ఆఫీసులో గుమాస్తా రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఇద్దురూ ఒకరేనని నాకెట్ల తెలిసేదమ్మా? పాత పేరు పెట్టుకున్నానని పేపర్లో ప్రకటన వేయించు."

"అంత దుడ్డు ల్యాదు సార్."

"అయితే మీ మొగుడి ఊరు కుప్పం పోయి సంతలో టముకు వేయించుకో" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. అది మాత్రం నిదానంగా, "టముకు వేయించినట్టు మునసబు సంతకం తెస్తే తీసుకుంటారా సార్?" అని అడిగింది. వేలంపాటలకూ జప్తులకూ టముకు వేయించేది సర్కారే కదా. సోమవారానికి తెమ్మన్నాడు.

దారంతా నేను గొణుగుతూనే ఉన్నాను. "విడాకుల మాట ఎవురైనా సంతలో చాటుకుంటారా? మానం పోతాది."

"పెండ్లికి మేళం పెట్టి ఊరంతా చెప్పినారే పిన్నమ్మా. ఇది మాత్రం యాల దాసిపెట్టాల?"

నేనూ దాని వెంట కుప్పం సంతకు పోయాను. మునసబు లక్ష్మీపతి తీర్పు చదివి, కాగితం మీద సాక్షులుంటే సరేనన్నాడు. టముకు కొట్టే మారప్ప మాత్రం పుల్లలు పట్టుకొని నిలబడిపోయాడు. "ఇంటి ఆడకూతురి మాట నా నోటితో ఎట్ల అనేదమ్మా?"

"నువ్వు కొట్టప్పా, నేను చెప్తాను" అని కౌసల్య ఒక బండి మీదికెక్కింది. టముకు మోగి ఆగింది. బేరాలూ ఆగాయి.

"నేను చింతమాకుల చెంగల్రాయుడు కూతురు కౌసల్యను. ఈ ఊర్లో గుండ్లపల్లి మునికృష్ణకు పెండ్లామై ఉంటిని. కోర్టు మమ్మల్ని విడదీసింది. ఈ పొద్దు నుంచి నాది మా నాయన ఇంటిపేరే. కాదనేవాళ్లు మునసబు ముందర చెప్పండి."

ఆ పిల్లను ఎత్తుకొని పెంచిన చేతులివి. ఆ క్షణాన వాటిని చూసుకొని మురిసిపోయాను.

అంతలో చింతపండు రాశుల వెనక నుంచి ఒక ముసలామె లేచింది. మునికృష్ణ తల్లి మునెమ్మ. ఆమె నోటికి కుప్పమంతా జడిసేది. ఇక అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. ఆమె నేరుగా మునసబు దగ్గరికి వచ్చి బొటనవేలు చాపింది.

"సాక్షులు కావల్ల గదా. నా వేలు ఏసుకో."

ఆ కొడుకు చేతిలో కౌసల్య తిన్న దెబ్బలు ఆమె ఎరగనివి కావు.

"గుండ్లపల్లి మునెమ్మ అనే గదా రాసేది?" అన్నాడు మునసబు.

ఆమె బండి మీదున్న కౌసల్య వంక చూసింది. "కాదప్పా. మా నాయనోళ్లది పాలమాకుల. అదే రాయి."

"ఇన్నేండ్లకు ఇప్పుడు యాలమ్మా?"

"ఇన్నేండ్లూ అడిగినోళ్లు ల్యాక."

కోర్టులో కూడా ఏడవని మా కౌసల్య అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం గుమాస్తా ఆ కాగితం పైకీ కిందికీ చూశాడు. "ఈ పాలమాకుల మునెమ్మ ఎవురు?"

"అడ్డం చెప్పాల్సినామె సార్" అంది కౌసల్య.

వాడు ముద్ర వేశాడు. ఉద్యోగం దానికే వచ్చింది. బాలవాడీలో చేరిన రోజు అది పిల్లలకు మొదట తన పేరే చెప్పింది, ఇంటిపేరుతో సహా.